ప్రోటీన్ శాతం తగ్గలేదు, గడ్డ మాత్రం మెత్తగా వస్తోంది: పొదుగు ఆరోగ్యానికీ కేసీన్‌కూ లెక్కేమిటి?

గడ్డకట్టు రాశారు:

రెండు ట్యాంకుల ఆవుపాలు పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండింట్లోనూ ప్రోటీన్ 3.5 శాతం, వెన్నశాతంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే మోతాదు రెన్నెట్ (పాలను గడ్డకట్టించే ఎంజైమ్), ఒకే వేడి. మొదటి దాంట్లో అరగంటకల్లా కత్తి పెడితే గడ్డ శుభ్రంగా చీలుతుంది. రెండోది అప్పటికీ వణుకుతూనే ఉంటుంది. కోస్తే ముక్కలు చెదిరిపోతాయి, విరుగుడు నీళ్లు తెల్లగా దిగుతాయి. కనిపించే తేడా ఒక్కటే: మొదటి ట్యాంకులో సోమాటిక్ కణాలు (పాలలోకి వచ్చే ఆవు ఒంటి కణాలు, ఎక్కువగా తెల్ల రక్తకణాలు) మిల్లీలీటరుకు లక్షన్నర, రెండో దాంట్లో 6 లక్షలు. కణాలు పెరిగాయంటే పొదుగులో వాపు ఉన్నట్టని తెలుసు. ప్రోటీన్ శాతం తగ్గనప్పుడు గడ్డ ఎందుకు పాడవుతుంది? అంకెలతో చెప్పగలవాళ్లు చెప్పండి.

కెల్డాల్ రాశారు:

మీటరు చూపేది మొత్తం ప్రోటీన్. అందులో ఏది ఎంతో అది చెప్పదు.

ఆరోగ్యంగా ఉన్న పొదుగు పాలలో మొత్తం ప్రోటీన్‌లో నాలుగింట మూడు వంతులకు పైగా కేసీన్. రెన్నెట్‌కు గడ్డకట్టేది అదొక్కటే. మిగతావి విరుగుడు నీళ్లతో పోయేవి. పొదుగువాపు పాఠాల్లో తరచూ కనిపించే ఒక పోలిక ఉంది. మామూలు పాలలో మొత్తం ప్రోటీన్ 3.61 శాతం, కణాలు బాగా ఎక్కువున్న పాలలో 3.56. తేడా 0.05 మాత్రమే, మీటరు కచ్చితత్వం హద్దులోనే కలిసిపోతుంది. లోపల చూడండి: కేసీన్ 2.8 నుంచి 2.3కి పడింది, విరుగుడు ప్రోటీన్లు 0.8 నుంచి 1.3కి ఎగబాకాయి. ఇమ్యునోగ్లోబ్యులిన్లు (రోగనిరోధక ప్రోటీన్లు) 0.10 నుంచి 0.60కి, సీరం ఆల్బుమిన్ 0.02 నుంచి 0.07కి, లాక్టోఫెరిన్ 0.02 నుంచి 0.10కి పెరిగాయి. మొత్తంలో కేసీన్ వాటా 78 శాతం నుంచి 65కి దిగిపోయింది.

ఇవి బాగా పాడైన పాల అంకెలు. 6 లక్షల ట్యాంకులో తేడా ఇంత ఉండదు, కానీ పోయే దారి ఇదే. పోయిన కేసీన్ స్థానాన్ని రక్తం నుంచి వచ్చిన ప్రోటీన్ నింపేస్తుంది కాబట్టి శాతం కదలదు. అందుకే ప్రోటీన్ శాతం ఒక్కటే చూసి పాలను మెచ్చుకోకూడదు.

పొదుగు_వైద్యం రాశారు:

కెల్డాల్ గారు చెప్పినదానికి పొదుగు వైపు కారణం చెబుతాను.

కేసీన్‌ను పొదుగులోని పాల కణాలే తయారు చేస్తాయి. ఆల్బుమిన్, ఇమ్యునోగ్లోబ్యులిన్లలో ఎక్కువ భాగం మాత్రం రక్తం నుంచి వస్తాయి. ఆరోగ్యంగా ఉన్నప్పుడు పాల కణాల మధ్య అతుకులు బిగువుగా ఉండి రక్తాన్నీ పాలనూ వేరుగా ఉంచుతాయి. చన్ను రంధ్రం గుండా సూక్ష్మజీవి లోపలికి చేరగానే తెల్ల రక్తకణాలు దండెత్తి వస్తాయి. ఆ హడావిడిలో మూడు జరుగుతాయి. దెబ్బతిన్న కణాలు కేసీన్ తయారీ తగ్గిస్తాయి. అతుకులు వదులై సోడియం, క్లోరైడ్, బైకార్బొనేట్, రక్తపు ప్రోటీన్లు పాలలోకి కారతాయి, లాక్టోజ్ (పాల చక్కెర), పొటాషియం ఎదురుదారిలో రక్తంలోకి పోతాయి. మూడోది అసలు నష్టం: రక్తంతో పాటు ప్లాస్మినోజెన్ అనే పదార్థం కూడా వస్తుంది. అది ప్లాస్మిన్‌గా మారితే కేసీన్‌ను ముక్కలు చేస్తుంది.

పాలు ఉప్పగా అనిపించడం, పీహెచ్ 6.6, 6.7 దగ్గర నుంచి 6.8 పైకి పోవడం, లాక్టోజ్ 4.9 శాతం నుంచి 4.4 దాకా జారడం, అన్నిటికీ మూలం ఆ వదులైన అతుకులే.

గడ్డకట్టు రాశారు:

అయితే పితికిన వెంటనే 4 డిగ్రీలకు చల్లార్చేస్తే ప్లాస్మిన్ ఆగిపోదా? లేదా పాశ్చరైజ్ చేస్తే?

ఎంజైమ్_లెక్క రాశారు:

రెండూ ఆపవు. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు.

ప్లాస్మిన్‌కు బాగా నచ్చేది 37 డిగ్రీల వేడి, 7.5 దగ్గరి పీహెచ్. ఆవు పొదుగులో ఉన్నది ఆ వేడే, వాపు వల్ల పీహెచ్ కూడా అటువైపే జరుగుతుంది. రెండు పితుకుళ్ల మధ్య 10, 12 గంటలు పాలు అక్కడే నిలవ ఉంటాయి. కాబట్టి చాలా నష్టం పాలు బకెట్‌లో పడకముందే అయిపోతుంది. చల్లారిస్తే ఆ తర్వాతి వేగం బాగా తగ్గుతుంది, పూర్తిగా ఆగదు. పైగా చలికి బీటా కేసీన్ (కేసీన్ రకాల్లో ఒకటి) కొంత మైసెల్ (కేసీన్ కలిసి కట్టిన సూక్ష్మ ముద్ద) నుంచి విడిపోయి ద్రవంలోకి వస్తుంది, ప్లాస్మిన్‌కు అందుబాటులోకి వస్తుంది.

పాశ్చరైజేషన్ (72 డిగ్రీలు, 15 సెకన్లు) ప్లాస్మిన్‌ను చంపదు. ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చే పదార్థాలకు పాలలో సహజంగా కొన్ని అడ్డుకట్టలు ఉంటాయి. ఆ వేడికి అవి పోతాయి, మార్చేవి మిగులుతాయి. అందుకే పాశ్చరైజ్ చేశాక ప్లాస్మిన్ పని పెరగడం కూడా మామూలే. యూహెచ్‌టీ (డబ్బా పాలకు ఇచ్చే అతి ఎక్కువ వేడి) వల్ల చాలావరకు తగ్గినా, మిగిలిన కాస్తే నెలల తరబడి గది వేడిలో పనిచేస్తుంది. డబ్బా పాలు చేదెక్కడానికీ, నిలవలో జెల్‌లా చిక్కబడడానికీ ఉన్న కారణాల్లో ఇదొకటి.

ప్లాస్మిన్ ఏం కోస్తుందంటే, ముందు బీటా కేసీన్, ఆల్ఫా ఎస్2 కేసీన్. ఆల్ఫా ఎస్1 మీద కాస్త నెమ్మది. కప్పా కేసీన్ దాదాపు తట్టుకుంటుంది. బీటా కేసీన్ తెగితే గామా కేసీన్లు, ప్రోటియోస్ పెప్టోన్లు వస్తాయి. ఆ పెప్టోన్లు నీళ్లలో కరిగేవి, గడ్డలో నిలబడవు, విరుగుడు నీళ్లతో పోతాయి. మీటరు మాత్రం వాటినీ ప్రోటీన్‌గానే లెక్కిస్తుంది.

ప్లాస్మిన్ ఒక్కటే కాదు. తెల్ల రక్తకణాల్లోనే ఎలాస్టేజ్, కెథెప్సిన్ బి, కెథెప్సిన్ డి అనే ప్రోటీన్ కోసే ఎంజైములు ఉంటాయి. కణం పగిలితే అవి పాలలో కలుస్తాయి. కెథెప్సిన్ డి పులుపు వైపు బాగా పనిచేస్తుంది, కాబట్టి పచ్చిపాలలో కన్నా మాగుతున్న చీజ్‌లో దాని ప్రభావం ఎక్కువ.

మందపెంపకం రాశారు:

వడపోత సంగతి కూడా చెప్పండి. జాలీలో కుదపలు (వాపున్న పాలలో వచ్చే తునకలు) ఆగిపోతే పాలు బాగుపడ్డాయనుకునేవాళ్లు ఉన్నారు.

ఎంజైమ్_లెక్క రాశారు:

జాలీ కుదపల్ని పడుతుంది, కణాల్ని పట్టదు. సెంట్రిఫ్యూజ్ క్లారిఫైయర్ కణాల్ని కూడా చాలావరకు లాగేస్తుంది, పరీక్షలో సంఖ్య అందంగా కనిపిస్తుంది. కానీ ప్లాస్మిన్ కేసీన్ మైసెల్‌కు అంటుకుని ఉంటుంది, తెగిన ముక్కలు ద్రవంలో ఉంటాయి. కణాల్ని తీసేసినంత మాత్రాన కేసీన్ తిరిగి రాదు.

దాణాలెక్క రాశారు:

ఒక అభ్యంతరం. "నాణ్యత పడిపోయింది" అని గుండుగుత్తగా అనేస్తున్నాం. తాగేవాళ్ల పోషణ దృష్టితో చూస్తే ఆల్బుమిన్, లాక్టోఫెరిన్ నాసిరకం ప్రోటీన్లేమీ కావు, అమైనో ఆమ్లాలు వాటిలోనూ పుష్కలంగా ఉన్నాయి. ఇక్కడ పడిపోయేది తయారీకి పనికొచ్చే గుణం: గడ్డ, చీజ్ దిగుబడి, పెరుగు చిక్కదనం, నిలవ, రుచి. ఈ రెండూ కలిపేస్తే చర్చ పక్కదారి పడుతుంది.

రెండో మాట మేత గురించి. కేసీన్ తగ్గిందని తెలియగానే దాణాలో ప్రోటీన్ పెంచేవాళ్లున్నారు. దానివల్ల పాలలో యూరియా పెరుగుతుందే గానీ కేసీన్ వాటా పెరగదు. యూరియా నత్రజని కెల్డాల్ పద్ధతి (నత్రజని కొలిచి ప్రోటీన్ కట్టే పరీక్ష) లెక్కలో ముడి ప్రోటీన్‌గా పడుతుంది, అంటే కాగితం మీద శాతం ఇంకాస్త అందంగా కనిపించి మోసం చేస్తుంది. మేతలో శక్తి సరిపడా ఉంటే మొత్తం ప్రోటీన్ పెరుగుతుంది, నిజమే. కానీ వాపున్న పొదుగులో అతుకుల్ని దాణా బిగించలేదు. వట్టికాలంలో (ఈనే ముందు పాలు పితకని కాలంలో) విటమిన్ ఇ, సెలీనియం లోటు లేకుండా చూసుకోవడం తెల్ల రక్తకణాల చురుకుదనానికి అవసరం. మేత వైపు నుంచి పొదుగుకు నేరుగా అందే సాయం దాదాపు అంతే.

పొదుగు_వైద్యం రాశారు:

మొదటి మాటకు చిన్న సవరణ: కుదపలు, నెత్తురు, నీళ్లలాంటి పాలు కనిపిస్తే పోషణ చర్చకే తావులేదు, అవి అమ్మకానికీ తాగడానికీ పనికిరావు. స్టాఫిలోకాకస్ ఆరియస్ జాతుల్లో కొన్ని వదిలే విషం మరిగించినా పోదు. మీరన్నది పైకి మామూలుగా కనిపించే పాలకు వర్తిస్తుంది, అక్కడ ఒప్పుకుంటాను.

కెల్డాల్ రాశారు:

ఊహతో పనిలేకుండా కేసీన్ వాటా కొలవాలంటే పద్ధతి ఇదీ. 100 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో 10 మిల్లీలీటర్ల పాలు తీసుకోండి. 40 డిగ్రీల వేడి నీళ్లు 75 మిల్లీలీటర్లు, 10 శాతం ఎసిటిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు పోసి నెమ్మదిగా కలిపి 10 నిమిషాలు వదలండి. తర్వాత 1 నార్మల్ గాఢత ఉన్న సోడియం ఎసిటేట్ ద్రావణం 1 మిల్లీలీటరు. పీహెచ్ 4.6 దగ్గర కేసీన్ అడుక్కి దిగుతుంది. 20 డిగ్రీలకు చల్లార్చి గీత వరకు నీళ్లు నింపి పొడి వడపోత కాగితంలో వడగట్టండి. వడిసిన ద్రవం తేటగా ఉండాలి. మబ్బుగా ఉంటే కేసీన్ జారినట్టే, ఆ నమూనా వదిలేసి మళ్లీ చేయాలి. వడగట్టిన దాంట్లో నత్రజని, అసలు పాలలో నత్రజని విడివిడిగా తీసి తేడాను 6.38తో గుణిస్తే కేసీన్. (గడ్డ ఆక్రమించిన జాగాకు చిన్న దిద్దుబాటు గుణకం ఉంటుంది, వదలొద్దు.)

ఉదాహరణకు మొత్తం నత్రజని రెండు పాలలోనూ 0.55 శాతం, అంటే ప్రోటీన్ 3.51. మొదటి దాంట్లో కేసీన్ కాని నత్రజని 0.13 వస్తే కేసీన్ 2.68, వాటా 76.4. రెండో దాంట్లో 0.17 వస్తే కేసీన్ 2.42, వాటా 69.1. ట్యాంకు 1,000 కిలోలైతే 2 కిలోల 600 గ్రాముల కేసీన్ తేడా.

ఒక జాగ్రత్త. కొన్ని ఇన్‌ఫ్రారెడ్ యంత్రాలు ముడి ప్రోటీన్ చూపుతాయి, కొన్ని యూరియాలాంటివి తీసేసి నిజ ప్రోటీన్ చూపుతాయి. రెంటికీ మధ్య సుమారు 0.2 తేడా ఉంటుంది. ఒకదాని మీద లెక్కించిన వాటాను ఇంకోదానితో పోల్చొద్దు.

గడ్డకట్టు రాశారు:

ల్యాబ్ లేనివాళ్ల మాటేమిటి? పైగా ట్యాంకు సంఖ్య చూస్తే ఏ ఆవు, ఏ చన్ను అన్నది తెలియదు.

మందపెంపకం రాశారు:

ట్యాంకు సగటు ఎలా మోసం చేస్తుందో ముందు చూడండి. పది ఆవులు సమానంగా పాలిస్తున్నాయి. తొమ్మిదింట్లో లక్ష చొప్పున కణాలు, ఒకదాంట్లో 30 లక్షలు. సగటు 3 లక్షల 90 వేలు. మంద మొత్తానికీ జబ్బు పట్టినట్టు కనిపిస్తుంది, నిజానికి ఆవు ఒక్కటే. ఆవు లోపలా అంతే. మూడు చన్నుల్లో 50 వేలు, నాలుగోదాంట్లో 20 లక్షలు ఉంటే కలిపిన పాలలో 5 లక్షల 37 వేలు. కాబట్టి చన్ను చన్నుకీ చూడాల్సిందే.

దానికి సీఎంటీ (కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్ట్, పొదుగువాపు పరీక్ష) చాలు. నాలుగు గిన్నెల పళ్లెం, ఊదారంగు ద్రావణం. పితికే ముందు తొలి ధారలు నల్లటి అడుగున్న కప్పులో తీసి కుదపలు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలోకి. పళ్లెం వంచి అదనపు పాలు పారబోస్తే గిన్నెలో సుమారు 2 మిల్లీలీటర్లు మిగులుతాయి. అంతే ద్రావణం పోసి 10 సెకన్లు గుండ్రంగా తిప్పండి, తిప్పుతూనే చదవండి. 20 సెకన్లు దాటితే పలచని జిగురు విరిగిపోతుంది, లేదని పొరబడతారు. ద్రావణంలోని డిటర్జెంటు కణాల్ని పగలగొడితే లోపలి డీఎన్‌ఏ జిగురు కడుతుంది, చూసేది అదే. నీళ్లలా జారితే 2 లక్షల లోపు. పళ్లెం వంచినప్పుడు లీలగా జిగురు కనిపించి మాయమైతే అనుమానం. చిక్కగా ఉన్నా జెల్ కట్టకపోతే ఒకటో గ్రేడు, సుమారు 4 లక్షల నుంచి 15 లక్షలు. జెల్ కట్టి మధ్యకు పోగైతే రెండో గ్రేడు. మధ్యలో గుడ్డుసొనలా ఉబ్బి నిలబడితే మూడు, 50 లక్షల పైన.

ఈనిన తొలి ఐదు రోజులు, వట్టిపోయే ముందు రోజులు ఈ పరీక్ష నమ్మొద్దు, ఆరోగ్యంగా ఉన్నా జిగురు వస్తుంది. ముర్రుపాలలో ఇమ్యునోగ్లోబ్యులిన్లు మామూలుగానే ఎక్కువ, ఆ పాలు ట్యాంకులో కలిపినా కేసీన్ వాటా దిగుతుంది.

పితుకుడు_యంత్రం రాశారు:

విద్యుత్ వాహకత మీటర్లను గుడ్డిగా నమ్మేవాళ్ల కోసం ఒక ముక్క. సోడియం, క్లోరైడ్ పెరిగితే వాహకత పెరుగుతుంది, అది నిజమే. కానీ ఆవుకూ ఆవుకూ, పాల వేడికీ తేడా ఉంటుంది. ఒకే అంకెను హద్దుగా పెట్టుకోకుండా అదే ఆవు నాలుగు చన్నుల్నీ పోల్చండి. ఒకటి మిగతా మూడింటికి దూరంగా ఉంటే దానికే సీఎంటీ.

ఇక వాపు మొదలవకుండా చూసే పని చాలావరకు యంత్రం దగ్గరే ఉంది. అత్యధిక ధార సమయంలో క్లా (నాలుగు చన్నుల పాలు కలిసే భాగం) దగ్గర సగటు వాక్యూమ్ 32 నుంచి 42 కిలోపాస్కల్ మధ్య ఉండాలి. పల్సేటర్ (లాగడం, నొక్కడం మార్చేది) నిమిషానికి 60 చుట్లు, ప్రతి చుట్టులో పాలు లాగే సమయం 60 శాతం, నొక్కే సమయం 40 శాతం. లైనరు (చన్నుకు తొడిగే రబ్బరు గొట్టం) పూర్తిగా మూసుకుని చన్నును నొక్కే సమయం ప్రతి చుట్టులోనూ కనీసం 150 మిల్లీసెకన్లు లేకపోతే చన్ను చివర రక్తం నిలిచి ఉబ్బుతుంది, రంధ్రం సరిగా మూసుకోదు. రబ్బరు లైనరు ఆయువు 2,500 పితుకుళ్లు. 60 ఆవులు, 10 యూనిట్లు, రోజుకు రెండుసార్లు అంటే ఒక్కో లైనరు రోజుకు 12 ఆవుల్ని చూస్తుంది, 208 రోజుల్లో దాని పని అయిపోయింది. ఏడాదికోసారి మార్చడం అంటే ఐదు నెలలు చీలికల రబ్బరుతో పితకడం.

లైనరు జారి గాలి చీదిన ప్రతిసారీ పాల తుంపర వెనక్కి ఎగిరి చన్ను రంధ్రాన్ని కొడుతుంది. కొత్త చన్నుకు జబ్బు పాకే దారుల్లో ఇది ముఖ్యమైనది.

మందపెంపకం రాశారు:

వరస కూడా రాసేస్తాను. తొలి ధారలు మూడు నాలుగు తీయడం, పితికే ముందు చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి 30 సెకన్లు ఉంచడం, ఆవుకో గుడ్డతో చన్ను చివర దాకా పొడిగా తుడవడం. మొదటి స్పర్శ నుంచి 60, 90 సెకన్ల లోపు యంత్రం తగిలించాలి. ముందే తగిలిస్తే ఆవు ఇంకా చేపి ఉండదు, ఖాళీ చన్ను మీద వాక్యూమ్ పడుతుంది. తీసేటప్పుడు వాక్యూమ్ ఆపి తీయాలి, లాగకూడదు. వెంటనే మళ్లీ ద్రావణంలో ముంచాలి, చన్ను మొత్తం తడిసేలా. ఆ పైన మేత వేసి అరగంటైనా నిలబెట్టాలి, రంధ్రం మూసుకోకముందే పేడలో పడుకోకుండా. జబ్బున్న ఆవుల్ని ఆఖర్న పితకాలి.

గడ్డకట్టు రాశారు:

మందు వేస్తే కేసీన్ వాటా ఎప్పటికి తిరిగొస్తుంది?

పొదుగు_వైద్యం రాశారు:

సూక్ష్మజీవి ఏదన్న దాన్నిబట్టి. స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే పెన్సిలిన్‌కు బాగా లొంగుతుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ కణజాలంలో గూడు కట్టుకుంటుంది, పాత కేసుల్లో పాలిచ్చే కాలంలో మందు చాలాసార్లు వృథా. స్ట్రెప్టోకాకస్ యుబెరిస్ ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మార్చే ప్రోటీన్‌ను తనే వదులుతుంది, కేసీన్‌కు రెట్టింపు చేటు. అందుకే ముందు పాలు కల్చర్‌కు (సూక్ష్మజీవిని పెంచి గుర్తించే పరీక్షకు) పంపి, ఏదో తెలిశాక మందు. చన్ను చివర 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, స్టెరైల్ సీసాను పక్కకు వంచి పట్టుకుని తీయాలి. లేకపోతే కల్చర్‌లో చర్మం మీది సరుకే మొలుస్తుంది.

సూక్ష్మజీవి పోయినా కణాలు దిగడానికి వారాలు పడుతుంది. కణాలు దిగాక కూడా ఆ చన్నులో ప్లాస్మిన్ కొంతకాలం ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి మందు నిలుపుదల గడువు (మందు వేశాక పాలు అమ్మకూడని రోజులు) ముగిసిన రోజు పాలు అమ్మకానికి అర్హమవుతాయే గానీ, చీజ్‌కు మునుపటి పాలైపోవు. గడువులో ఉన్న పాలు కలిస్తే తోడులోని సూక్ష్మజీవులే చస్తాయి, గడ్డ లేకపోవడానికి అది పూర్తిగా వేరే కారణం, రెంటినీ కలపొద్దు. మొండి చన్నుకు సరైన సమయం వట్టికాలమే: చివరి పితుకుడు తర్వాత దీర్ఘకాల మందు, దానిమీద బిస్మత్ సబ్‌నైట్రేట్ సీలెంట్ (చన్ను లోపలి దారిని మూసే పూత), సుమారు 60 రోజుల విరామం.

గడ్డకట్టు రాశారు:

ఈలోగా వచ్చిన పాలను వ్యాట్‌లో (చీజ్ తొట్టిలో) సరిదిద్దుకునే మార్గం ఉందా?

ఎంజైమ్_లెక్క రాశారు:

కొంతవరకే. 100 లీటర్లకు 20 గ్రాముల కాల్షియం క్లోరైడ్ నీళ్లలో కరిగించి రెన్నెట్‌కు ముందు కలపండి, గడ్డ బిగుస్తుంది. పీహెచ్ 6.8 దగ్గరుంటే రెన్నెట్ మందకొడిగా పనిచేస్తుంది, తోడు వేశాక 6.5 దాకా దిగనిచ్చి అప్పుడు రెన్నెట్ వేయండి. గడియారం చూసి కోయకండి, గడ్డ చీలిక చూసి కోయండి. ముక్క పెద్దదిగా ఉంచి కలపడం నెమ్మదిగా మొదలుపెడితే వెన్న, గడ్డ తునకలు విరుగుడులోకి తక్కువ పోతాయి. తేమ మాత్రం ఎక్కువే ఉంటుంది, కాబట్టి ఎక్కువ కాలం మాగబెట్టే రకానికి ఈ పాలు వాడొద్దు, చేదు తిరుగుతుంది. మంచి పాలతో కలిపి సర్దుకోవచ్చు గానీ ప్లాస్మిన్ కూడా వాటిలోకి వచ్చి చేరుతుంది, కలిపిన పాలు ఆ రోజే వాడేయాలి.

కెల్డాల్ రాశారు:

ట్యాంకు సంఖ్య లక్షన్నరకు దిగాక కూడా గడ్డ మెత్తగానే ఉంటే కణాల వైపు వెతకడం మానండి. మందలో ఎన్ని ఆవులు వట్టిపోయే దశలో ఉన్నాయో చూడండి. ఆ దశలో జబ్బు లేకపోయినా ప్లాస్మిన్ పెరిగి కేసీన్ వాటా తగ్గుతుంది. ఆ పాలను రెండు వారాలు విడిగా తీసి ట్యాంకు కేసీన్ మళ్లీ కొలవండి.